నగర క్షేమం కోసం చెరసాలకు వెళ్లిన తల్లి

ఊళ్లో దొంగతనాలు పెరిగాయంటే మనం మొదట తలుపుకు మరో గొళ్లెం బిగించుకుంటాం. ఆ తర్వాత, దొంగలకు ఇంకా పెద్ద శిక్షలు వేయాలని కోరతాం. రెండు వందల ఏళ్ల కిందట లండన్ నగరం కూడా సరిగ్గా ఇదే చేసింది. శిక్షల విషయంలోనైతే ఇక వెళ్లడానికి దారి లేనంత దూరం వెళ్లింది.

1801 జనాభా లెక్కల నాటికే లండన్‌లో పది లక్షలకు చేరువగా జనం ఉన్నారు. అంత పెద్ద నగరానికి 1829 వరకూ ఒక పోలీసు వ్యవస్థంటూ లేదు. పేటపేటకూ లాంతరు పట్టుకుని తిరిగే కావలివాళ్లు, కొన్ని కోర్టుల కింద పనిచేసే కొద్దిపాటి సిబ్బంది, అంతే! దొంగలందరినీ పట్టుకోవడం ఎలాగూ సాధ్యం కాదు కాబట్టి, దొరికిన ఒక్కడికీ పడిన శిక్ష చూసి మిగిలిన వందమంది వణికిపోవాలన్నది పాలకుల ఆలోచన. అలా శిక్షలు పెంచుకుంటూ పోగా పోగా, ఉరిశిక్ష వేయదగ్గ నేరాల సంఖ్య 200 దాటింది. దుకాణంలో అయిదు షిల్లింగుల సరుకు దొంగిలిస్తే ఉరి. దొంగనోటు మారిస్తే ఉరి. న్యూగేట్ జైలు గోడ పక్కనే అందరూ చూస్తుండగా ఉరితీసేవారు. విచిత్రమేమిటంటే, ఉరి చూడటానికి గుమిగూడిన ఆ జనంలోనే జేబుదొంగలు తమ పని తాము చేసుకుపోయేవారు!

1815లో ఫ్రాన్స్‌తో యుద్ధం ముగిసింది. వేలాది సైనికులు పనిలేక ఇళ్లకు తిరిగొచ్చారు. రొట్టె ధర పేదవాడికి అందకుండా పోయింది. నేరాలు తగ్గకపోగా పెరిగాయి. జైళ్లు కిక్కిరిసిపోయాయి.

అలాంటి రోజుల్లో నగర క్షేమానికి దారిని ఆ జైలు గోడల లోపలే వెదికిన స్త్రీ ఎలిజబెత్ ఫ్రై. ఆమెకు అధికారం లేదు, పదవి లేదు. ఆ కాలపు స్త్రీలందరిలాగే ఓటు హక్కు కూడా లేదు. పదకొండు మంది బిడ్డలను కన్న తల్లి ఆమె. దేవుని వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు నమ్మిన విశ్వాసి.

చీకటికి భయపడిన పిల్ల

ఎలిజబెత్ 1780 మే 21న ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో పుట్టింది. తండ్రి జాన్ గర్నీ సంపన్నుడు. ఆ కుటుంబానికి ఉన్ని వ్యాపారం, బ్యాంకు ఉండేవి. పిల్లలతో కళకళలాడే పెద్ద ఇల్లు. కానీ ఆ ఇంట్లో ఎలిజబెత్ మాత్రం మహా పిరికి పిల్ల. చీకటంటే భయం, సముద్రమంటే భయం. చదువులో వెనకబాటు. తరచూ జబ్బు పడేది. పన్నెండేళ్ల వయసులో తల్లి చనిపోవడంతో ఆ భయం, బెంగ మరింత ఎక్కువయ్యాయి.

వాళ్లది క్వేకర్ల సంఘం. క్వేకర్లు ఆడంబరాలకు దూరంగా ఉంటారు. ఆరాధనలో మౌనంగా కూర్చుని, ప్రభువు ప్రేరేపించినవారు లేచి మాట్లాడతారు. స్త్రీలు కూడా వాక్యం బోధించవచ్చని ఆ కాలంలోనే ఒప్పుకున్న సంఘం అది. అయితే గర్నీ కుటుంబంలో పేరుకే క్వేకర్లు. పాటలు, నాట్యాలు, రంగురంగుల బట్టలు అన్నీ ఉండేవి. 1798 ఫిబ్రవరిలో విలియం సేవరీ అనే అమెరికా బోధకుడు నార్విచ్ సంఘానికి వచ్చినప్పుడు, పదిహేడేళ్ల ఎలిజబెత్ ఎర్రటి లేసులున్న ఊదారంగు బూట్లు వేసుకుని ముందు వరుసలో కూర్చుంది. ఆ రోజు విన్న వాక్యం ఆమె గుండెను పిండేసింది. ఇంటికి వెళ్తూ బండిలో దారి పొడవునా ఏడ్చింది.

ఆ కన్నీళ్లు ఆ పూటతో ఆరిపోలేదు. క్రమంగా ఆమె రంగుల బట్టలు మానేసి, క్వేకర్ స్త్రీలు ధరించే సాదా దుస్తులకు, తెల్లటి టోపీకి మారింది. చుట్టుపక్కల పేద పిల్లలను ఇంటికి పిలిచి బైబిలు కథలు చెప్పడం, చదవడం నేర్పడం మొదలుపెట్టింది. చిన్నగా మొదలైన ఆ బడిలో డజన్ల కొద్దీ పిల్లలు చేరారు. జైలులో తాను నడపబోయే బడికి దేవుడు ఆమెను ఇక్కడే సిద్ధం చేశాడు.

1800లో జోసఫ్ ఫ్రైతో వివాహమైంది. టీ వ్యాపారం, బ్యాంకు నడిపే కుటుంబం కావడంతో కాపురం లండన్ నడిబొడ్డుకు మారింది. ఒకరి తర్వాత ఒకరుగా పిల్లలు పుట్టారు. వచ్చేపోయే బంధువులు, పోయలేనంత చాకిరీ. జీవితమంతా ఇంటి పనుల్లోనే కరిగిపోతోందేమో, ప్రభువు కోసం ఏమీ చేయకుండానే రోజులు గడిచిపోతున్నాయేమోనని ఆమె తన డైరీలో బాధపడేది. మన సంఘాల్లో ఎంతమంది తల్లుల మనసులోని మాట అది!

ఊచల వెనుక మూడు వందల మంది

1813 ఆరంభంలో స్టీఫెన్ గ్రెల్లెట్ అనే క్వేకర్ బోధకుడు లండన్ జైళ్లు సందర్శించాడు. ఆయన ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన దైవజనుడు. న్యూగేట్ జైలులో స్త్రీలుండే భాగానికి వెళ్లి చలికి వణుకుతున్న చంటిపిల్లలను చూసి తట్టుకోలేక నేరుగా ఎలిజబెత్ ఇంటికి వచ్చాడు. ఆమె వెంటనే ఫ్లానెల్ గుడ్డ తెప్పించి, తోటి స్త్రీలను పిలిచి పసిబిడ్డలకు బట్టలు కుట్టించింది. వాటిని పంపించి ఊరుకోలేదు. తానే తీసుకుని వెళ్లింది. తోడుగా ఆనా బక్స్‌టన్ అనే స్నేహితురాలు వెళ్లింది.

లోపలికి వెళ్లవద్దని జైలు అధికారులు ఎంతో చెప్పి చూశారు. జైలు గవర్నరే ఆ భాగంలోకి అడుగు పెట్టడానికి జంకేవాడు. లోపల రెండు వార్డుల్లో, రెండు గదుల్లో దాదాపు 300 మంది స్త్రీలు, వాళ్లతోపాటు పిల్లలు. పడక లేదు, దుప్పటి లేదు. అక్కడే వంట, అక్కడే స్నానం, అక్కడే నిద్ర. శిక్ష పడినవాళ్లు, ఇంకా విచారణే జరగనివాళ్లు, ఉరికి ఎదురుచూస్తున్నవాళ్లు, తొలిసారి తప్పు చేసిన చిన్నపిల్లలు, నేరాల్లో పండిపోయినవాళ్లు అంతా ఒకేచోట. డబ్బుంటే జైల్లోనే సారా దొరికేది. అందుకే బయటివాళ్లు వచ్చినప్పుడు కర్రలకు గరిటెలు కట్టి ఊచల మధ్య నుంచి చాచి, ఒకరినొకరు తోసుకుంటూ, కొట్టుకుంటూ అడుక్కునేవారు.

ఆ గుంపు మధ్యకు ఒకప్పుడు చీకటికి భయపడిన పిల్ల నడిచి వెళ్లింది. పిల్లలకు బట్టలు తొడిగింది. జబ్బుపడినవాళ్ల కింద శుభ్రమైన గడ్డి పరిపించింది. మూడోసారి వెళ్లినప్పుడు మోకరించి ప్రార్థిస్తే, చుట్టూ ఉన్న ఖైదీల్లో కొందరు కన్నీళ్లతో మోకరించారు.

అయితే ఆ పరిచర్య వెంటనే ఊపందుకోలేదు. దాదాపు నాలుగేళ్లు ఆమె మళ్లీ న్యూగేట్ వైపు వెళ్లలేకపోయింది. మరో ఇద్దరు బిడ్డలు పుట్టారు. వ్యాపారంలో ఒడిదుడుకులు వచ్చాయి. 1815లో, తన పేరే పెట్టుకున్న చిన్నారి కూతురు బెట్సీ అయిదేళ్లు నిండకుండానే చనిపోయింది. ఆ దుఃఖం ఆమెను చాలాకాలం వదల్లేదు. కానీ బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి మనసుకే జైల్లో మగ్గుతున్న ఇతరుల బిడ్డలు మళ్లీ గుర్తుకొచ్చారు.

పదకొండో గంట

1816 క్రిస్మస్ రోజుల్లో ఆమె తిరిగి న్యూగేట్‌కు వెళ్లింది. ఈసారి తనను ఖైదీలతో ఒంటరిగా వదిలిపెట్టమని కోరింది. మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట పనివాళ్ల ఉపమానం చదివి వినిపించింది. పొద్దు గుంకే వేళ, పదకొండో గంటకు వచ్చిన కూలివాడికీ ఆ యజమాని చోటిచ్చాడని చెప్పింది. పాపుల్ని రక్షించడానికి క్రీస్తు వచ్చాడని చెప్పింది. అప్పుడు కొందరు స్త్రీలు క్రీస్తు ఎవరని అడిగారు! ఇంకొందరు తమ సమయం ఎప్పుడో దాటిపోయిందేమోనని భయపడ్డారు. చుట్టూ చర్చి గంటలు మోగే క్రైస్తవ నగరం నడిబొడ్డున, క్రీస్తు ఎవరో తెలియని స్త్రీలు ఉరికొయ్యకు ఎదురుచూస్తున్నారు. వాళ్లను శిక్షించడానికి నగరానికి తీరిక దొరికింది గానీ, వాళ్లకు ఒక్క మంచిమాట చెప్పడానికి మాత్రం దొరకలేదు.

ఎలిజబెత్ వాళ్లకు ప్రసంగం చేసి వెళ్లిపోలేదు. మీ పిల్లలు ఈ నరకంలోనే పెరిగి మీలాగే అవుతారు, వాళ్లకోసం ఒక బడి పెడదామా అని తల్లులను అడిగింది. తల్లులు కన్నీళ్లతో ఒప్పుకున్నారు. టీచరును కూడా వాళ్లనే ఎన్నుకోమంది. గడియారం దొంగిలించిన కేసులో వచ్చిన మేరీ కానర్ అనే చదువుకున్న యువతిని వాళ్లు ఎన్నుకున్నారు. ఇదంతా వృథా ప్రయాస అనుకుంటూనే అధికారులు ఒక ఖాళీ గది ఇచ్చారు. బడి మొదలైన రోజు పిల్లలకంటే ఎక్కువగా పెద్దవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి తమకూ నేర్పమని బతిమాలారు. మేరీ కానర్ ఆ బడిని ఎంతో శ్రద్ధగా నడిపింది. ఆ తర్వాత ఆమెకు క్షమాభిక్ష లభించింది గానీ, క్షయవ్యాధి ఆమెను ఎంతోకాలం బతకనివ్వలేదు. అయినా న్యూగేట్‌లో మొదట మారిన మనిషిగా ఆమె పేరు నిలిచిపోయింది.

1817 ఏప్రిల్‌లో ఎలిజబెత్ మరికొందరు స్త్రీలను కూడగట్టి, న్యూగేట్ మహిళా ఖైదీల కోసం ఒక సంఘం స్థాపించింది. పదకొండు మంది క్వేకర్ స్త్రీలు, ఒక పాస్టరు గారి భార్య అందులో సభ్యులు. వంతులవారీగా ప్రతిరోజూ ఎవరో ఒకరు జైలుకు వెళ్లాలి. ఖైదీలను కనిపెట్టుకుని ఉండటానికి ఒక మేట్రన్‌ను పెట్టారు. నియమాలు రాశారు. అడుక్కోకూడదు, బూతులు తిట్టకూడదు, జూదమాడకూడదు, పోట్లాడకూడదు. ఆ నియమాలు గోడకు అంటించి ఊరుకోలేదు. ఒక్కొక్కటిగా చదివి వినిపించి, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. ఖైదీల అంగీకారంతోనే ప్రతి నియమం అమలైంది. పన్నెండు మంది చొప్పున గుంపులు చేసి, ప్రతి గుంపుకూ వాళ్లలోనే ఒకరిని పెద్దగా ఉంచారు.

ఆ తర్వాత పని! ఖాళీ చేతుల్లోకి పాపం తేలిగ్గా జొరబడుతుందని ఆమెకు తెలుసు. గుడ్డముక్కలు కలిపి బొంతలు కుట్టడం, మేజోళ్లు అల్లడం నేర్పించారు. ఆస్ట్రేలియాకు బట్టలు సరఫరా చేసే ఒక వ్యాపార సంస్థ దగ్గరకు వెళ్లి, ఆ పని కొంత ఖైదీలకు ఇప్పించమని అడిగారు. వాళ్లు ఒప్పుకున్నారు. పది నెలల్లో ఆ స్త్రీల చేతులమీదుగా దాదాపు 20,000 వస్త్రాలు తయారయ్యాయి. కుట్టినదానికి కూలి వచ్చింది. ఊచల మధ్య గరిటెలు చాచి అడుక్కున్న చేతులు కష్టార్జితం అందుకున్నాయి.

లండన్ లార్డ్ మేయర్, నగర పెద్దలు వచ్చి చూశారు. కొన్ని నెలల కిందట బోనులో మృగాల్లా అరిచిన స్త్రీలు శుభ్రమైన బట్టలతో వరుసగా కూర్చుని బైబిలు పఠనం వింటుంటే వాళ్లకు నోట మాట రాలేదు. ఈ పద్ధతిని జైలు నిర్వహణలో భాగం చేసి, మేట్రన్ జీతంలో కొంత నగరమే భరించడానికి ఒప్పుకున్నారు.

పార్లమెంటు ముందు, ఉరికొయ్య ముందు

1818 ఫిబ్రవరి 27న లండన్ జైళ్ల స్థితిగతులపై పార్లమెంటు దిగువ సభ వేసిన కమిటీ ముందు ఎలిజబెత్ సాక్ష్యం చెప్పింది. ఒక సామాన్య స్త్రీని పార్లమెంటు కమిటీ పిలిచి అభిప్రాయం అడగటం ఆ కాలంలో అరుదైన విషయం. ఒక్కొక్క స్త్రీకి పడుకోవడానికి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చోటు మాత్రమే ఉన్నదని ఆమె లెక్కతో సహా చెప్పింది. చిన్న తప్పు చేసి వచ్చినవాళ్లు పాత నేరస్తుల మధ్య పడి ఎలా చెడిపోతున్నారో వివరించింది. స్త్రీ ఖైదీలకు స్త్రీలే కావలి ఉండాలని, వాళ్లకు పని, చదువు, వాక్యం అందాలని కోరింది.

అదే ఏడాది ఆమె చెల్లెలి భర్త, పార్లమెంటు సభ్యుడు థామస్ ఫావెల్ బక్స్‌టన్ ఒక పుస్తకం అచ్చువేశాడు. మన జైళ్లు నేరాన్ని ఆపుతున్నాయా, పుట్టిస్తున్నాయా అన్నదే దాని విషయం. న్యూగేట్‌లో ఎలిజబెత్ చేసిన పని అందులో వివరంగా ఉంది. నగరమంతా ఆలోచించాల్సిన ప్రశ్న అది. జేబు కొట్టిన కుర్రవాణ్ని ఆరు నెలలు గజదొంగల మధ్య ఉంచి బయటికి వదిలితే, వాడు ఎవరై బయటికొస్తాడు? వాడు తిరిగొచ్చేది మన వీధికే కదా! ఆ లెక్కన చెడ్డ జైలు నేరస్తుడికి మాత్రమే కాదు, అతని పక్కింటివాళ్లందరికీ శిక్షే.

అయితే ఎలిజబెత్ అడిగిందల్లా జరగలేదు. అదే 1818లో హారియెట్ స్కెల్టన్ అనే యువతికి దొంగనోట్లు మార్చినందుకు ఉరిశిక్ష పడింది. జైల్లో ఆమె ప్రవర్తన ఎంతో మెరుగ్గా ఉండేది. ఆమె ప్రాణం కాపాడమని ఎలిజబెత్ తిరగని గడప లేదు. హోం శాఖ చూస్తున్న లార్డ్ సిడ్మత్‌ను వేడుకుంది. ఆయన కరగలేదు సరికదా, ఇలాంటి స్త్రీలు శిక్షల పట్ల జనానికి భయం పోగొడుతున్నారని కోప్పడ్డాడు. స్కెల్టన్‌ను ఉరితీశారు. ఎలిజబెత్‌కు అది అవమానం, ఓటమి. సిలువమీద దొంగను పరదైసులో చేర్చుకున్న ప్రభువును ఆరాధించే దేశం, మారిన మనిషిని కూడా ఉరి తీయకుండా ఉండలేకపోయింది. దొంగనోట్ల నేరానికి ఉరిశిక్ష 1830లలో గానీ రద్దు కాలేదు.

జైలు తలుపు దాటాక

జైలులోపల మార్చితే సరిపోదని ఎలిజబెత్ త్వరలోనే గ్రహించింది. శిక్ష ముగిసిన స్త్రీ జైలు తలుపు దాటి వీధిలో నిలబడితే ఆమె కోసం ఎదురుచూసేది ఎవరు? పాత స్నేహితులు, పాత సారా కొట్టు. పని ఎవరూ ఇవ్వరు, ఇంట్లోకి ఎవరూ రానివ్వరు. ఒకరోజు బండిలో వెళ్తూ ఈ బాధను ఎలిజబెత్ తన స్నేహితురాలితో చెప్పుకుంది. ఆ మాటలు ఆ స్నేహితురాలి మనసులో నాటుకుని, 1820ల తొలి ఏళ్లలో వెస్ట్‌మినిస్టర్‌లో విడుదలైన స్త్రీల కోసం ఒక ఆశ్రయ గృహంగా రూపుదిద్దుకున్నాయి. దారితప్పిన ఆడపిల్లల కోసం చెల్సీలో ఒక బడి కూడా వెలిసింది.

1820 చలికాలంలో లండన్ వీధిలో ఒక బాలుడు చలికి గడ్డకట్టి చనిపోయాడు. ఆ వార్త విన్న ఎలిజబెత్ ఇళ్లులేనివాళ్ల కోసం రాత్రి బస ఏర్పాటు చేయించింది. అక్కడ తలదాచుకోవడానికి చోటు, తినడానికి రొట్టె, వేడి సూపు దొరికేవి. పగలు పని వెదికిపెట్టడానికి స్త్రీల కమిటీ ఒకటి పనిచేసేది. ఆకలితో వీధిలో పడుకున్న పిల్లవాడు రేపటి దొంగ అవుతాడని భయపడేవాళ్లు చాలామందే ఉన్నారు. వాడు ఈ రాత్రి ఎక్కడ పడుకుంటాడని అడిగినవాళ్లు కొద్దిమందే.

ఆస్ట్రేలియాకు దేశాంతర శిక్షపై పంపే స్త్రీలను కూడా ఆమె మరిచిపోలేదు. అప్పటివరకు వాళ్లను సంకెళ్లతో, పైకప్పు లేని బళ్లలో ఊరేగిస్తుంటే జనం రాళ్లు, బురద విసిరేవారు. ఆ అవమానం తట్టుకోలేక ప్రయాణానికి ముందురాత్రి స్త్రీలు జైల్లో కిటికీలు, సామాన్లు పగలగొట్టేవారు. 1818లో ఎలిజబెత్ గవర్నరుతో మాట్లాడి మూసిన గుర్రపుబళ్లు ఏర్పాటు చేయించింది. తానే వాళ్ల వెంట ఓడ దాకా వెళ్లింది. ఆ రోజు గొడవేమీ జరగలేదు. అప్పటినుంచి పాతికేళ్లలో ఆమె, ఆమె సహచరులు 106 నౌకల్లో వెళ్లిన దాదాపు 12,000 మంది స్త్రీలను సందర్శించారు. ఒక్కొక్కరికీ బైబిలు, సూదులు, దారం, గుడ్డముక్కలు ఇచ్చేవారు. నెలల తరబడి సాగే ప్రయాణంలో వాళ్లు బొంతలు కుట్టుకుని, దిగిన దేశంలో అమ్ముకుని బతుకు మొదలుపెట్టవచ్చు. 1841లో రాజా అనే ఓడలో ఖైదీ స్త్రీలు కుట్టిన అలాంటి బొంత ఒకటి ఆస్ట్రేలియా జాతీయ కళా గ్యాలరీలో భద్రంగా ఉంది.

నిందలు, నష్టాలు

ఎలిజబెత్‌ను పొగిడినవాళ్లే కాదు, తిట్టినవాళ్లూ ఉన్నారు. ఇల్లు, పిల్లలను వదిలి జైళ్ల చుట్టూ తిరుగుతోందన్నారు. జైలు సుఖంగా ఉంటే నేరాలు పెరగవా అని అడిగారు. 1828 నవంబరులో భర్త బ్యాంకు దివాలా తీసింది. వాళ్లను నమ్మి డబ్బు దాచుకున్నవాళ్లు నష్టపోయారు. క్వేకర్ల సంఘం ఆమె భర్తను సభ్యత్వం నుంచి తొలగించింది. బ్యాంకు డబ్బు ఆమె పరిచర్యకు పోయిందన్న పుకార్లు పుట్టాయి. పెద్ద ఇల్లు వదిలేసి చిన్న ఇంటికి మారారు. సంఘం ముందు తల దించుకోవాల్సిన ఆ రోజుల్లోనూ ఆమె జైళ్లకు వెళ్లడం మానలేదు. తలవంపులంటే ఏమిటో తెలిసొచ్చిన మనిషి మాట ఖైదీలకు మరింత దగ్గరగా వినిపించి ఉంటుంది.

మరోవైపు మార్పులు వస్తూనే ఉన్నాయి. 1823లో హోం మంత్రి రాబర్ట్ పీల్ తెచ్చిన జైళ్ల చట్టం స్త్రీ ఖైదీలను వేరుగా ఉంచాలని, వాళ్లకు స్త్రీలే కావలి ఉండాలని నిర్దేశించింది. అదే పీల్ 1829లో లండన్‌కు పోలీసు దళాన్ని ఏర్పాటు చేశాడు. నేరం జరిగాక పట్టుకోవడంకన్నా జరగకుండా చూడటమే ఆ దళానికి మొదటి బాధ్యతగా పెట్టారు. ఉరిశిక్ష పడే నేరాల జాబితా ఏటికేడు చిన్నదైంది. 1830లలో కొత్త జైలు తనిఖీ అధికారులు వచ్చి, ఖైదీలను ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా ఒంటరి గదుల్లో ఉంచాలన్న పద్ధతిని ముందుకు తెచ్చారు. న్యూగేట్‌లో ఆ స్త్రీల పరిచర్యనూ తప్పుపట్టారు. ఏళ్ల తరబడి ఒంటరితనం, చీకటి గదులు మనిషిని మార్చవు, మతి పోగొడతాయని ఎలిజబెత్ వ్యతిరేకించింది. కానీ 1842లో లండన్‌లోనే పెంటన్‌విల్ జైలు ఆ పద్ధతిమీదే మొదలైంది.

అదే 1842 ఆరంభంలో ప్రష్యా రాజు లండన్ వచ్చినప్పుడు న్యూగేట్‌లో ఎలిజబెత్ వాక్య పఠనానికి హాజరై, ఖైదీల మధ్య మోకరించి ప్రార్థించాడు. మూడేళ్ల తర్వాత, 1845 అక్టోబరు 12న రామ్స్‌గేట్‌లో ఎలిజబెత్ ఫ్రై కన్నుమూసింది. బార్కింగ్‌లోని క్వేకర్ల శ్మశానంలో ఆమెను సమాధి చేస్తుంటే వెయ్యిమందికి పైగా జనం మౌనంగా నిలబడ్డారు. 1849లో ఆమె పేరిట లండన్‌లోని హాక్నీలో జైలునుంచి విడుదలైన స్త్రీలకు ఆశ్రయ గృహం తెరిచారు. జ్ఞాపకార్థం రాతి విగ్రహం కన్నా అదే ఆమెకు తగిన గౌరవం! 2002 నుంచి 2017 వరకు చెలామణిలో ఉన్న ఇంగ్లండ్ అయిదు పౌన్ల నోటుపై ఆమె బొమ్మ ఉండేది. న్యూగేట్ జైలును 1902లో కూల్చడం మొదలుపెట్టి, ఆ స్థలంలో పెద్ద కోర్టు కట్టారు.

నగర క్షేమం ఎవరి పని?

లండన్‌లో నేరాలు తగ్గడానికి ఎలిజబెత్ ఒక్కతే కారణమంటే అది అతిశయోక్తి. పోలీసులు వచ్చారు, వీధిదీపాలు వచ్చాయి, బడులు పెరిగాయి, పనులు దొరికాయి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండ్‌లో నేరాలు తగ్గుముఖం పట్టడం వెనుక ఇవన్నీ ఉన్నాయి. అయితే ఉరికొయ్యలు పెంచినంతకాలం తగ్గని నేరం, మనిషిని మార్చే మార్గాలు పెరిగినకొద్దీ తగ్గిందన్నది చరిత్ర చూసిన నిజం. ఆ మార్గాల్లో ఒకదాన్ని మొదట తొక్కిన పాదాలు ఆమెవి.

ఆమె న్యూగేట్‌లో మొదట చూసింది తల్లులతోపాటు జైల్లో పెరుగుతున్న పసిబిడ్డలను. ఆ సమస్య మనకూ కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఒక కేసులో 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, తల్లులతో జైల్లో ఉండే ఆరేళ్లలోపు పిల్లలకు ఆహారం, వైద్యం, ఆటపాటలు, చదువు అందాలని దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. కోర్టు చెప్పాల్సింది చెప్పింది. ఆ పిల్లలను ఎత్తుకునే చేతులు ఎక్కడినుంచి రావాలి?

బబులోనుకు చెరపట్టబడి వెళ్లిన తన ప్రజలకు దేవుడు యిర్మీయా ద్వారా ఉత్తరం రాయించాడు. తమను బంధించిన ఆ పరాయి పట్టణపు క్షేమాన్నే కోరుకోమని, దాని కోసం ప్రార్థించమని, దాని క్షేమంలోనే వాళ్ల క్షేమం ఉన్నదని ఆ ఉత్తరం సారాంశం. శత్రువుల పట్టణం క్షేమమే కోరమన్న దేవుడు మనం పుట్టి పెరిగిన ఊరి గురించి ఇంకెంత కోరుతాడు? మత్తయి సువార్త 25వ అధ్యాయంలోనైతే ప్రభువు ఇంకో అడుగు ముందుకేసి, చెరసాలలో ఉన్నవారిలో తననే చూడమన్నాడు. అంత్యదినాన ఆయన అడిగే ప్రశ్నల్లో ఇదీ ఒకటి.

క్రిస్మస్ రోజుల్లో జైలుకు వెళ్లి పళ్లు, కేకులు పంచి వచ్చే సంఘాలు మనకు చాలా ఉన్నాయి. అది మంచిదే. ఎలిజబెత్ కూడా చంటిబిడ్డల బట్టలతోనే మొదలుపెట్టింది. కానీ ఆమె అక్కడితో ఆగలేదు. మళ్లీ మళ్లీ వెళ్లింది, పేర్లు తెలుసుకుంది, పని నేర్పింది, బయటికొచ్చాక ఉండటానికి చోటు చూపింది. శిక్ష పూర్తిచేసుకున్న ఒక మనిషి వచ్చే ఆదివారం మన చర్చి గుమ్మంలో నిలబడితే, అతని గతం తెలిసిన మనం పక్కకు జరిగి చోటిస్తామా, లేక పర్సు సర్దుకుంటామా? సోమవారం అతనికి పని ఇప్పించడానికి మనలో ఎవరైనా పూచీ పడతారా? మన వీధి ఎంత భద్రంగా ఉంటుందన్నది చాలావరకు ఈ జవాబుపైనే ఆధారపడి ఉంది. పదకొండో గంటకు వచ్చినవాడికీ చోటిచ్చిన యజమాని ద్రాక్షతోటలోనే మనమూ పనిచేస్తున్నాం.